తపాలాబిళ్ళ మీది నావికుడు

నాగమల్లేశ్వరికి కొలంబస్ అంటే గౌరవం లేదు. వాస్కో డ గామా అన్నా లేదు. విజయవాడలో ఒక తపాలా ఆఫీసులో, స్టాంపులు సేకరించేవాళ్ళ కోసం విడిగా పెట్టిన కౌంటర్లో ఆవిడ పదకొండేళ్ళుగా కూర్చుంటోంది. అక్కడ అమ్మేవి మనదేశపు బిళ్ళలే అయినా, కొనడానికి వచ్చేవాళ్ళు తమ ఆల్బమ్‌లు చంకన పెట్టుకునే వస్తారు. చూపించకుండా కదలరు. అలా ఏ దేశం వాళ్ళు ఏ నావికుడి పేరు మీద ఏ బిళ్ళ వేశారో ఆవిడకు కంఠతా వచ్చేసింది. గడ్డాలు వేరు, టోపీలు వేరు. చూపు మాత్రం అందరిదీ ఒకటే. పక్కింటి పెరట్లోకి దూరి, జామచెట్టు నేనే కనిపెట్టాననేవాడి చూపు.

ఆవిడ పుట్టింది బందరు పక్కన గిలకలదిండిలో. తాత పోలయ్య తెరచాప ఓడకి తండేలు, అంటే ఓడ నడిపించే పెద్ద. బందరు నుంచి రంగూన్‌కి, వాళ్ళ ఊరి మాటలో చెప్పాలంటే రంగానికి, ఎన్నోసార్లు పోయొచ్చాడు. ఆయన బొమ్మతో ఏ దేశమూ బిళ్ళ వెయ్యలేదు.

"దారి తెలిసినవాడికి బిళ్ళ దేనికండీ? ఇండియాకని బయల్దేరి ఇంకెక్కడో తేలినవాడికి వేస్తారు గానీ," అనేది ఆవిడ, ఎవరైనా ఆల్బమ్ తెరిచి మురిసిపోతుంటే.

ఈ మాట ఎక్కువసార్లు విన్నవాడు దుర్గాప్రసాద్ గారు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, ఊళ్ళో స్టాంపుల సంఘానికి అధ్యక్షుడిగా ఉంటున్నాడు. సముద్రయాత్రికుల బిళ్ళలే ఆయన ప్రాణం. వాటిలో ఒకటి సెయింట్ కిట్స్ అనే చిన్న దీవి నూట ఇరవై ఏళ్ళ కిందట వేసింది. అందులో కొలంబస్ కంటికి దుర్భిణి పెట్టుకుని దూరంగా చూస్తుంటాడు.

"దుర్భిణి పుట్టిందే ఈయన పోయిన వందేళ్ళకమ్మా! బొమ్మ వేసినవాడికి తెలీదు, వేయించినవాడికీ తెలీదు," అని ఆయన ప్రతిసారీ పగలబడి నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. ఆ కౌంటర్‌కి వచ్చేవాళ్ళలో ఆవిడ కొద్దిగానైనా మనిషిగా లెక్కవేసింది ఆయన్నొక్కణ్ణే.

ఒక సోమవారం పొద్దున్న జయకృష్ణ వచ్చాడు. ఉయ్యూరు చెరుకు రైతుల కుటుంబం. చెరుకు వదిలేసి చాలాకాలమైంది, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు. వెనకాల ఆయన ఆఫీసులో ప్రచారం పనులు చూసే కీర్తన అనే అమ్మాయి, చేతిలో లాప్‌టాప్‌తో.

"మా ముత్తాత మీద స్టాంపు వేయించాలి మేడమ్. వీరరాఘవయ్య గారని, మహా నావికుడు. బందరు నుంచి రంగూన్‌కి సముద్రమార్గం చూపించింది ఆయనే," అన్నాడు జయకృష్ణ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

"ఎవరికి చూపించారండీ?" అంది నాగమల్లేశ్వరి.

"అందరికీ."

రంగం దారి ఎవరికి తెలీక ఆగిందో ఆవిడకు అర్థం కాలేదు. కీర్తన లాప్‌టాప్ తిప్పి బొమ్మ చూపించింది. ఓడ ముందుభాగంలో ఒక పెద్దమనిషి. నెత్తిన కెప్టెన్ టోపీ, కంటికి దుర్భిణి. వెనకాల తెరచాప ఎడమవైపుకి ఉబ్బి ఉంటే, దాని పైనున్న జెండా కుడివైపుకి ఎగురుతోంది.

"అసలు ఫొటో ఏదమ్మా?"

కీర్తన కాస్త సిగ్గుపడుతూ ఇంకో బొమ్మ తెరిచింది. రంగూన్‌లో ఏదో స్టూడియోలో తీయించుకున్న పాత ఫొటో. తలపాగా, పంచె, చేతిలో మడిచిన గొడుగు. గొడుగు తీసేసి దుర్భిణి పెట్టారన్నమాట. తలపాగా పోయి టోపీ వచ్చింది.

"ఏం చేసేవారండీ ఈయన?"

"బెల్లం ఎగుమతి," అన్నాడు జయకృష్ణ, ఆ మాట పెద్ద ముఖ్యం కాదన్నట్టు.

ఎవరి బొమ్మయినా అచ్చువేసి ఇచ్చే పథకం తపాలా శాఖలో ఉంది. రుసుము కట్టి, నియమాలకు లోబడి ఫొటో ఇస్తే చాలు. పెళ్ళికొడుకులు, పుట్టినరోజు పిల్లలు, కంపెనీ మేనేజర్లు, అందరూ వేయించుకుంటారు. అసలు బిళ్ళ ఒకటి ఉంటుంది, దాని పక్కన ఖాళీ జాగాలో ఈ ఫొటో అచ్చవుతుంది. జయకృష్ణ ఎంచుకున్న షీటులో అసలు బిళ్ళ గులాబీ పువ్వు. అంతా రాసుకుని, చివర్లో ఆవిడ విడమరిచి చెప్పింది.

"సార్, ఒక్క సంగతి. ఈ గులాబీ ఉన్న భాగమే స్టాంపు. మీ ముత్తాత గారున్న భాగం ఉత్త కాగితం. రెండూ కలిపే అతికించాలి. చించి ఆయన్నొక్కణ్ణే అంటిస్తే ఉత్తరానికి స్టాంపు లేనట్టే లెక్క."

"సరే సరే," అన్నాడు జయకృష్ణ, ఫోన్‌లోకి చూస్తూ.

షీట్లు వచ్చాక పేపర్లలో వార్త వచ్చింది. వీరరాఘవయ్య గారి స్మారక తపాలాబిళ్ళ అని పెద్దక్షరాల్లో. పక్కనే గులాబీ ఉందని ఎవరూ రాయలేదు. తర్వాత పది రోజులకి జయకృష్ణ మళ్ళీ ఊడిపడ్డాడు. ఈసారి కుర్చీ లాక్కోలేదు.

"ఏం తమాషాగా ఉందా మీకు? ఆవిష్కరణ సభకి మూడొందల ఇన్విటేషన్లు పంపించాను. పెద్దపెద్దవాళ్ళ గుమ్మంలో నిలబడి మీ పోస్ట్‌మ్యాన్ డబ్బులడుగుతాడా? స్టాంపు లేదంటాడా? మా ముత్తాతగారి బొమ్మ వాడికి కనపళ్ళేదా?"

నాగమల్లేశ్వరి ఒక కవరు అందుకుని చూసింది. గులాబీని శుభ్రంగా కత్తిరించి పారేశారు. దుర్భిణి పట్టుకుని వీరరాఘవయ్య గారొక్కరే కవరు మూల నిలబడి ఉన్నారు.

"ఆయన కనపడ్డారు సార్. స్టాంపే కనపళ్ళేదు. ఆ రోజే చెప్పాను."

"పువ్వు పక్కన మా ముత్తాతగారేంటి, ఆడపిల్ల కార్డులాగ! కవరు మీద అందంగా ఉండాలని తీయించాను. ఆ మాత్రం చూసీ చూడనట్టు పోలేరా?"

"వంద దీవులు కనిపెట్టినవాడైనా స్టాంపు లేందే కదలడండీ," అంది ఆవిడ కవరు వెనక్కి తోస్తూ. వరసలో నిలబడ్డ ఒకాయన పక్కున నవ్వాడు. జయకృష్ణ విసవిసా వెళ్ళిపోయాడు. వెనకాలే వెళ్తూ కీర్తన మాత్రం ఒక్క క్షణం ఆగి, "నేను చెప్పాను మేడమ్, వినలేదు," అని గొణిగింది. చెప్పి ఊరుకున్నదాన్ని చూసి జాలిపడాలో వద్దో ఆవిడ తేల్చుకోలేదు.

ఆ వారంలోనే గిలకలదిండి నుంచి తండ్రి ఫోన్ చేశాడు. కాశీరావుకి ఎనభై నాలుగేళ్ళు. కొడుకు నాగబాబు బోటు వచ్చే వేళకి రేవులో ఉండి, చేపలు ఏరించి, వేలం దగ్గర అందరినీ తిడితే గానీ ఆయనకు పొద్దు గడవదు.

"మల్లీ, ఎవరో అమ్మాయి వచ్చిందే కారేసుకుని. కీర్తనంట. పాతకాలం తండేళ్ళ తాలూకు మనుషులు కావాలంట. సన్మానమంట నాకు."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వెళ్ళొద్దు నాన్నా. అదంతా బోగస్. ఓ బెల్లం వ్యాపారికి టోపీ పెట్టి నావికుణ్ణి చేశారు."

"వీరరాఘవయ్య గారేగా? మా నాయన ఓడ ఎక్కాడే ఆయన. మా నాయన చెప్పేవాడు."

"ఎక్కితే? నడిపాడా?"

కాశీరావు ఫోన్‌లో చాలాసేపు నవ్వాడు. "నువ్వూ రా సభకి," అన్నాడు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

సభ విజయవాడలోనే, బందరు రోడ్డులో ఏసీ హాల్లో. వేదిక మీద ఏడడుగుల బొమ్మ, అదే టోపీ, అదే దుర్భిణి. అధ్యక్షత దుర్గాప్రసాద్ గారు. నాగమల్లేశ్వరి వెనక వరసలో కూర్చుంది. కొలంబస్ దుర్భిణిని చూసి ఇన్నేళ్ళూ నవ్విన పెద్దమనిషి, ఈ దుర్భిణి కిందే శాలువా కప్పించుకుని, "వీరరాఘవయ్య గారు తెలుగువారి కొలంబస్" అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత తెలిసింది. సంఘానికి జయకృష్ణ తన కొత్త బిల్డింగులో ఒక గది ఇస్తానన్నాడట. ఒక గది! ఈయన్ని మనిషిగా లెక్కవేసినందుకు ఆవిడకు తనమీద తనకే కోపం వచ్చింది.

అప్పుడు కాశీరావుని మైకు దగ్గరికి తీసుకొచ్చారు. తెల్ల పంచె, కొత్త శాలువా. గొంతు మాత్రం వేలంపాటలో నలిగిన గొంతు, మైకు అక్కర్లేనిది.

"అయ్యా, వీరరాఘవయ్య గారు మా నాయన పోలయ్య ఓడే ఎక్కారండీ," అన్నాడు. హాలు చప్పట్లతో మోగింది. జయకృష్ణ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"బందరు దాటిన మూడో రోజున తుపాను పట్టింది. మా నాయన చేతులెత్తేశాడు. అప్పుడు వీరరాఘవయ్య గారు చుక్కాని అందుకున్నారండీ. గాలి ఎటు నుంచి వస్తోందో అటే తెరచాప ఎత్తించి, తిన్నగా గాలికెదురు, బాణంలాగ పోనిచ్చారు."

నాగమల్లేశ్వరికి తల కొట్టేసినట్టయింది. సొంత తండ్రిని, చచ్చిపోయినవాణ్ణి, ఒక శాలువా కోసం అసమర్థుణ్ణి చేస్తాడా! వెళ్ళిపోదామని లేచింది. ఇంతలో కాశీరావు అందుకున్నాడు.

"మిట్టమధ్యాహ్నం ధ్రువనక్షత్రాన్ని చూసి దారి చెప్పారు. మంచినీళ్ళు అయిపోతే సముద్రం నీళ్ళే కడుపునిండా తాగించారు, ఒక్కడికీ ఏమీ కాలా. ఆ రాత్రి అమావాస్యండీ. పండువెన్నెల. ఆ వెన్నెల్లో రంగం కనపడింది!"

ఆవిడ మళ్ళీ కూర్చుంది. తండ్రి ముఖంలోకి చూసింది. చేపల వేలంలో దళారీ కళ్ళలోకి చూస్తూ కుళ్ళిన చేపని తాజా అన్నప్పుడు ఆ ముఖం ఎలా ఉండేదో, ఇప్పుడూ అలాగే ఉంది. ఒక్క కండరం కదలడం లేదు. ఇంత పెద్ద హాల్లో, ఇంతమంది చదువుకున్నవాళ్ళలో, అమావాస్యకి వెన్నెలేంటని ఒక్కడైనా తలెత్తుతాడేమోనని చూస్తున్నాడు ముసలాయన. ఎవరూ ఎత్తలేదు. దుర్గాప్రసాద్ గారొక్కడే ఉలిక్కిపడి చూశాడు. ఆయన చూపు వెనక వరసలో ఉన్న నాగమల్లేశ్వరి చూపుతో కలిసింది. వెంటనే తల దించేసుకున్నాడు. చప్పట్లు మాత్రం ఆగలేదు.

బయటికొచ్చాక ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నిజం చెప్పి ఉండాల్సింది నాన్నా!"

"నిజమా? వీళ్ళకా?" కాశీరావు శాలువా మడిచి సంచిలో కుక్కుకున్నాడు. "పెట్టుకోడానికి వీళ్ళ దగ్గర చోటెక్కడుందే?"

ఆ రోజుకి ఆ మాట ఆవిడకు ఎంతో నచ్చింది.

నవ్వు రెండు నెలలే నిలిచింది. ఒక సాయంత్రం భవానీపురంలో తన ఫ్లాట్ తలుపు తీసుకుంటుంటే, పక్క ఫ్లాట్‌లోంచి ఏడో తరగతి చదివే సింధూరి గొంతు వినిపించింది. తలుపు తెరిచే ఉంది. చేతులు తిప్పుతూ వక్తృత్వ పోటీకి బట్టీ పడుతోంది. "తండేలు పోలయ్య భయంతో చేతులెత్తేయగా, ధీరుడైన వీరరాఘవయ్య గారు..."

"ఏంటే అది?" అంది నాగమల్లేశ్వరి.

సింధూరి ఒక రంగుల పుస్తకం చూపించింది. జయకృష్ణ అచ్చువేయించి బళ్ళకి ఉచితంగా పంచుతున్నాడు. కాశీరావు చెప్పింది చెప్పినట్టు అచ్చయింది. మిట్టమధ్యాహ్నపు ధ్రువనక్షత్రం ఉంది, ఉప్పునీళ్ళు ఉన్నాయి, అమావాస్య వెన్నెల ఉంది. అడుగున ప్రత్యక్ష సాక్షి కుమారుడు కాశీరావు గారి వాంగ్మూలం అని కూడా వేశారు. తాత పేరు మొట్టమొదటిసారి అచ్చులో చూసింది ఆవిడ. పిరికివాడిగా.

అప్పటికప్పుడు ఫోన్ చేసి చదివి వినిపించింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదావు నాన్నా. వాళ్ళకి వినపడలేదు. పిల్లలకి పాఠమైంది. మా తాత పిరికివాడని పక్కింటి పిల్ల బట్టీ పడుతోంది."

 కాశీరావు ఇంతే అన్నాడు. "ఆ కీర్తన మళ్ళీ ఫోన్ చేసింది. శుక్రవారం గుణదలలో ఏదో బళ్ళో అదే కథ చెప్పాలంట. వస్తున్నానని చెప్తాను."

శుక్రవారం నాగమల్లేశ్వరి సెలవు పెట్టి వెళ్ళింది. బడి ఆవరణలో షామియానా, కింద రెండొందల మంది పిల్లలు. వేదిక మీద జయకృష్ణ. కాశీరావు ఇంకా మైకు అందుకోకముందే ముందు వరసలో ఒక కళ్ళద్దాల పిల్లాడు చెయ్యెత్తాడు.

"తాతా, పుస్తకంలో అమావాస్య నాడు వెన్నెల అని ఉంది. అచ్చుతప్పా?"

కాశీరావు ముఖం విప్పారింది. "ఒక్కడు దొరికాడు!" అన్నాడు గట్టిగా. "కాదురా నాయనా, అచ్చుతప్పు కాదు. నా తప్పు. అబద్ధం చెప్పాను. అసలు సంగతి చెప్తాను విను."

చెప్పాడు. వీరరాఘవయ్య గారు బెల్లం బస్తాలతో పాటు ఓడెక్కాడు. బందరు తీరం కనుమరుగు కాకముందే కక్కడం మొదలుపెట్టాడు. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని, బస్తాల మీద బోర్లా పడుకుని, ఓడ వెనక్కి తిప్పమని పోలయ్య కాళ్ళు పట్టుకున్నాడు. పోలయ్య తిప్పలేదు. గంజి కాచి, ఉప్పేసి, పసిపిల్లాడికి పట్టినట్టు పట్టించి రంగం చేర్చాడు.

"అక్కడ దిగగానే స్టూడియోకి పోయి ఫొటో తీయించుకున్నాడంట. గొడుగు పట్టుకుని. తిరిగి ఆవిరి ఓడలో వచ్చాడు. రేవులో మా నాయన కనపడితే పలకరించలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. జయకృష్ణ మైకు దగ్గరికి వచ్చి, కాశీరావు భుజం మీద చెయ్యేసి, జాలిగా చిరునవ్వు నవ్వాడు.

"పెద్దాయనకి ఎనభై నాలుగేళ్ళు. జ్ఞాపకశక్తి తగ్గింది పాపం. మొన్న సభలో ఎంత చక్కగా చెప్పారో!"

అబద్ధం చెప్పినప్పుడు ప్రత్యక్ష సాక్షి కొడుకు, నిజం చెప్పగానే మతిచెడ్డ ముసలాడు. నాగమల్లేశ్వరి లేచి వేదిక దాకా నడిచింది.

"మతి బాగానే ఉందండీ ఆయనకి. మా నాన్న ఆయన. మొన్న సభలో చెప్పిందే తప్పు. అమావాస్యకి వెన్నెల అంటే చప్పట్లు కొట్టారు మీరంతా. బళ్ళో చదివే పిల్లాడికి తట్టింది మీకు తట్టలేదు."

జయకృష్ణ ఆవిడని గుర్తుపట్టాడు. ముఖం నల్లబడింది. మైకు కట్టేయమని సైగ చేశాడు. కీర్తన స్విచ్ దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి పెట్టలేదు. చివరికి ఆయనే వెళ్ళి కట్టేశాడు. కాశీరావుకి మైకుతో పనేముంది? మెట్లు దిగి పిల్లల మధ్యకి వచ్చి కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు కక్కాడు తాతా?"

"లెక్కపెట్టే తీరిక ఎవడికిరా? కడుక్కోడానికే సరిపోయింది వాళ్ళకి."

కళ్ళద్దాల పిల్లాడు ముందుకు జరిగాడు. "మరి ఫోన్లో మ్యాప్ లేదుగా. రంగం దగ్గరికొచ్చిందని ఎలా తెలిసేది?"

"సీసం గుండుకి తాడు కట్టేవాడు మా నాయన. గుండు అడుగున కొవ్వు పూసి నీళ్ళలోకి వదిలేవాడు. సముద్రం అడుగుకి తగిలితే అక్కడి మట్టి కొవ్వుకి అంటుకునేది. పైకి లాగి చూసి, వాసన చూసి, నాలుక్కి రాసుకునేవాడు. ఇసకైతే ఒక చోటు, బురదైతే ఇంకో చోటు. రంగం ఏటి బురద మెత్తగా ఉంటదంట, పెసరపిండిలాగ. అది తగిలిందంటే ఇంకొక్క పగలు."

పిల్లలు నవ్వడం మానేశారు. నాగమల్లేశ్వరి వేదిక అంచున నిలబడిపోయింది. ఎంతమంది నావికుల్నో వెక్కిరించింది, ప్రతిసారీ తాతని అడ్డం పెట్టుకుని. ఆయన దారి ఎలా పట్టేవాడో తన యాభై రెండేళ్ళ వయసులో ఒక పరాయి పిల్లాడు అడిగితే వింటోంది.

జయకృష్ణ పుస్తకం ఆపలేదు. రెండో ముద్రణలో అమావాస్యని పౌర్ణమి చేసి, కాశీరావు పేరు తీసేశాడు. పోలయ్య పిరికితనం అలాగే ఉంచాడు. దుర్గాప్రసాద్ గారు కొత్త గదిలో సంఘం బోర్డు పెట్టుకున్నాడు. కౌంటర్‌కి రావడం మాత్రం మానేశాడు. ఆవిడ ఎదురుచూడలేదు. ఆ ఇద్దరి గురించీ ఆవిడ అభిప్రాయం ఎవరడిగినా చెప్తుంది, తిట్లతో సహా.

ఆ శుక్రవారం సాయంత్రం తండ్రిని దింపడానికి తనూ బందరు బస్సెక్కింది.

"ఆ గుండు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు తాత గొప్పోడని చెప్పేదానివి. ఏం చేసేవాడని అడిగావా?"

ఆవిడ సంచిలోంచి ఆఫీసు కాగితం ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఓడలో ఇంకెవరెవరు ఉండేవారని అడిగింది. ఎనిమిది మంది అన్నాడు కాశీరావు. కంకిపాడు దాటేలోపు నలుగురి పేర్లు చెప్పాడు. ఐదోవాడికి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవని, పాట బాగా పాడేవాడని గుర్తొచ్చింది గానీ పేరు రాలేదు. కళ్ళు మూసుకుని తలుచుకుంటూ తలుచుకుంటూ, ఉయ్యూరు రాకముందే నిద్రపోయాడు. బస్సు కుదుపులకి ఆయన తల కిటికీ కమ్మికి కొట్టుకుంటుంటే, ఆవిడ కాగితం పెన్ను పక్కన పెట్టి, ఆయన సంచిలోంచి సన్మానపు శాలువా తీసి, మడతపెట్టి మధ్యలో దూర్చింది.